నీడ ఉండగా శ్రమ దండగ

అమెరికా వీసా ఫోటోకి నీడ పనికిరాదు. రెండంగుళాల చదరం, తెల్లటి నేపథ్యం, ముఖం మీద గానీ వెనక గానీ నీడ పడకూడదు. 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా తీసేయాలి. అమీర్‌పేట స్టూడియోలో కుర్రాడు "అంకుల్, గడ్డం కొంచెం కిందికి" అంటూ నాన్నగారిని కూర్చోబెట్టి లేపి, లేపి కూర్చోబెట్టింది ఇందుకే. ఆ కష్టం అక్కడితో సరి. విమానం దిగాక నీడ పడిందని ఫోటో వెనక్కి పంపేవాళ్లు ఎవరూ ఉండరు.

అమ్మానాన్నలకి సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ ఆరు నెలల్లో నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్, గ్రాండ్ కాన్యన్ చూపించాలి. ఫోటోలు తీయాలి. రాత్రికల్లా వాట్సాప్‌లో పెట్టాలి. ముఖాలు తీయడం మొదలుపెడితే చాకిరీకి అంతుండదు. అమ్మ సరిగ్గా క్లిక్‌మన్నప్పుడే కళ్లు మూస్తుంది. నాన్నగారు నవ్వమంటే బిగుసుకుపోతారు. పిల్లాడు నాలుక బయటపెడతాడు. నీడకి ఈ బాధలేవీ లేవు. నీడ కళ్లు మూయదు, నవ్వనక్కర్లేదు, దానికి వయసు తెలియదు, జుట్టుకి రంగేసిందీ లేనిదీ కనపడదు. పైగా నీడ ఉన్న ఫోటోని జనం 'కథ చెప్పే ఫోటో' అంటారు. ఇంత తక్కువ పనికి ఇంత గౌరవం ఇంకెక్కడా దొరకదు. కింద చెప్పినవి వరసగా పాటించండి.

1. పొద్దున్నే లేవకండి.

పొడుగు నీడలు కావాలంటే సూర్యోదయం తర్వాత గంటా, అస్తమయానికి ముందు గంటా బయట ఉండాలని ఫోటోగ్రాఫర్లు చెబుతారు. సూర్యుడు కిందికి వాలేకొద్దీ నీడ సాగుతుంది. 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు మనిషి ఎత్తూ నీడ పొడుగూ సమానం. లెక్క నిజమే. కానీ అయిదింటికే లేచేదానికి సెలవెందుకు పెట్టినట్టు? తొమ్మిదికి లేవండి. హోటల్లో ఉచితంగా పెట్టే టిఫిను తినండి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా ఖాళీ చేయండి, మధ్యాహ్నం ఒంటిగంటకి రంగంలోకి దిగండి. న్యూయార్క్‌లో జూన్ 21న ఆ వేళకి సూర్యుడు దాదాపు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 6 అడుగుల మనిషికి 2 అడుగుల నీడ కూడా రాదు, ఉన్న కాస్తా బూట్ల చుట్టూ చేరుతుంది. కళ్ల కిందా ముక్కు కిందా మాత్రం నల్లటి గుంటలు బాగా పడతాయి. దానికి 'ప్రవాస వేదన' అని పేరు పెట్టండి. అరగంట క్రితమే కడుపునిండా తిన్న మామయ్యగారు కూడా ఆ ఫోటోలో తీవ్రమైన వేదనతో కనిపిస్తారు.

డిసెంబరు చివర్లో వెళ్లేవాళ్లది ఇంకా అదృష్టం. అదే న్యూయార్క్‌లో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 26 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. అదే 6 అడుగుల మనిషికి 12 అడుగుల పైచిలుకు నీడ. ఎంత ఆలస్యంగా లేచినా దక్కే సొత్తు అది. చలి అంటారా, కారు దిగకండి. అద్దంలోంచే తీయండి. అద్దం మీది మురికీ, వైపరూ కూడా కథలో పాత్రలే.

హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు స్తంభానికి నీడే లేకుండా చేస్తాడు. అమెరికాలో ఆ బెడద హవాయికి తప్ప ఏ రాష్ట్రానికీ లేదు. ఏ వేళకి వెళ్లినా ఎంతో కొంత నీడ ఖాయం. ఖాయంగా దొరికేదాని కోసం అలారం పెట్టుకోవడం తెలివితక్కువ.

2. మీ నీడని ప్రతి ఫోటోలోకీ తోసేయండి.

సూర్యుడు వీపు మీద పడేలా నిలబడండి. మోచేతులు రెండూ పైకెత్తండి. మీ తల, ఫోను, రెండు మోచేతులు కలిపి అమ్మ పట్టుచీర మీద పడాలి. ఎవరైనా "అదేంట్రా, నీ నీడ పడింది" అంటే లీ ఫ్రీడ్‌లాండర్ పేరు చెప్పండి. ఆయన 1966లో న్యూయార్క్ వీధిలో ముందు నడుస్తున్న ఒక స్త్రీ బొచ్చు కాలరు కోటు వీపు మీద తన తల నీడ పడగా తీసిన ఫోటో ఈనాటికీ పేరున్నది. ఆ కాలరు దగ్గర ఆయన నీడకి జుట్టు నిక్కబొడుచుకున్నట్టుంటుంది. వెంటాడుతున్నది ఎవరు, చూస్తున్నది ఎవరు అని చూసేవాడికి అనుమానం రేపేది ఆ చోటే. ఆ నీడ ఎక్కడ పడాలో ఆయన ఎంచుకున్నాడు కదా అని ఎవరైనా అంటే, ఎంచుకోవడం ఆయన పని, పడటం నీడ పని అని చెప్పి ముందుకు నడవండి.

నయాగరాలో ఇంద్రధనుస్సు కనిపించిందంటే సూర్యుడు మీ వెనకే ఉన్నాడని అర్థం. ఆ వంపుకి కేంద్రం ఎప్పుడూ మీ తల నీడ పడే దిక్కే. అంటే సృష్టిలోనే మీరు మధ్యలో ఉండాలని రాసి ఉంది. లెన్సు మీది నీటి తుంపరలు తుడవకండి.

3. ఎవరి కోసమూ ఆగకండి.

చెప్పకుండా తీసే ఫోటోలో అసలు కష్టమంతా ఆగడంలోనే ఉంది కాబట్టి ఈ చిట్కా అన్నిటికన్నా ముఖ్యం. షికాగోలో వాబాష్ అవెన్యూకి వెళ్లండి. అక్కడ రైలు వీధికి పైన, ఇనుప స్తంభాల మీద నడుస్తుంది. ఎండ పట్టాల సందుల్లోంచి జారి, రోడ్డు మీద చారలు చారలుగా పడుతుంది. ఒక చార వెలుగు, ఒక చార చీకటి. ఓపిక ఉన్న ఫోటోగ్రాఫరు ఏం చేస్తాడంటే, ముందు చోటు చూసుకుంటాడు. వెలుగు చార వెనక చీకటి గోడ ఉండేలా నిలబడతాడు. వెలుగుకి సరిపడేలా కెమెరా సరిచేసి పెట్టుకుంటాడు. తర్వాత మనిషి కోసం కాచుకుంటాడు. టోపీ పెట్టుకున్న ముసలాయనో, తల్లి చెయ్యి వదిలించుకున్న పిల్లో ఆ చారలోకి అడుగుపెట్టి, కాలు గాల్లో ఉన్న క్షణంలో నొక్కుతాడు. దీనికి పావుగంట పట్టవచ్చు, పూట పట్టవచ్చు, అసలు ఎవరూ రాకపోవచ్చు.

మనం ఇలా చేద్దాం. కారు హజార్డ్ లైట్లు వేసి, ఆపకూడని చోట ఆపండి. ఒక కాలు బయట పెట్టండి. చార ఖాళీగా ఉన్నప్పుడే నొక్కండి. కాలు లోపల పెట్టండి. 'అతను ఇప్పుడే వెళ్లిపోయాడు' అని కింద రాయండి. రాబోయే మనిషి కోసం కాచుకున్నవాడి ఫోటోలో ఒక్కరే ఉంటారు. మీ ఫోటోలో ఎంతమందినైనా ఊహించుకోవచ్చు. వెనక సీటులోంచి అత్తయ్య "ఏం తీశావు బాబూ?" అని అడిగితే "శూన్యం, అత్తయ్యా" అనండి. ఆవిడ మళ్లీ అడగరు.

4. అందరినీ కలిపి ముద్దగా నిలబెట్టండి.

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు మేకతోలుని వెలుగు దూరేంత పలచన చేసి, రంగులద్ది, ఎక్కువ బొమ్మల్ని పక్కవాటుగా కోస్తారు. ముక్కు, గడ్డం, కిరీటం, విల్లు పట్టిన చెయ్యి విడివిడిగా తెలియాలి. వెలుగు ముందు ఆకారం అంచు ఒక్కటే కథ చెబుతుంది. తెల్లగుడ్డ అవతల కూర్చున్నవాళ్లకి ఎవరు రాముడో ఎవరు హనుమంతుడో మాట వినకముందే తెలిసిపోయేది అందుకే. గ్రాండ్ కాన్యన్ అంచున సాయంత్రం మనవాళ్లని నిలబెట్టినా సూత్రం అదే. పక్కకి తిరగాలి, మనిషికీ మనిషికీ మధ్య ఆకాశం కనపడాలి, చేతులు ఒంటికి అతుక్కోకూడదు.

ఇంతమందికి ఇన్ని చెప్పాలంటే గొంతు పోతుంది. "అందరూ దగ్గరికి రండి" అని ఒక్క మాట అనండి. ఆరుగురు కలిసి ఒకటే దిబ్బ అవుతారు. అందులో తాతయ్య ఏ భాగమో, బావగారు ఏ భాగమో ఎవరూ చెప్పలేరు. కుటుంబ ఐక్యత.

5. వెలుతురు సంగతి ఫోనుకి వదిలేయండి.

తెర మీద వెలుగున్న చోట వేలు పెట్టి, కాసేపు అలాగే నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే నీడ నల్లగా, వెలుగు చక్కగా వస్తుంది. రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు కూడా మీవే, ఎందుకు ఇవ్వాలి? వదిలేస్తే ఫోను తనంతట తనే అయిదారు ఫోటోలు కలిపి, చీకటినంతా బూడిదరంగులోకి లేపి, నీడ ఉందా లేదా అన్నట్టు చేసి పెడుతుంది. లేదా చీకట్లో ఉన్న ముఖం మీద వేలు పెట్టండి. ముఖం వస్తుంది, వెనక గోల్డెన్ గేట్ వంతెన పోతుంది. 746 అడుగుల ఎత్తు స్తంభాలు కూడా తెల్లదనంలో కలిసిపోతాయి. ఆ వంతెన 1937 నుంచి ఉంది, రేపు కూడా ఉంటుంది.

ఆరిజోనాలో యాంటెలోప్ కాన్యన్‌కి మాత్రం ఫ్లాష్ వేసుకునే వెళ్లండి. అది నవాహో తెగవాళ్ల నేల. వాళ్ల గైడు లేకుండా లోపలికి రానివ్వరు, ట్రైపాడ్ తేనివ్వరు. మార్చి మధ్య నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా, మిట్టమధ్యాహ్నం వేళ, ఎగువ కాన్యన్ కప్పు చీలికలోంచి ఎండ ఒక్క స్తంభంలా నేలకి దిగుతుంది. చుట్టూ చీకటి కాబట్టే ఆ స్తంభం కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు ఫ్లాష్ కొట్టండి. చీకటి పోతుంది, స్తంభం పోతుంది, గాల్లోని ఇసుక రేణువులు తెల్లటి చుక్కలై వస్తాయి, ముందున్నవాళ్ల వీపులు స్పష్టంగా వస్తాయి. టికెట్టు డబ్బుకి నాలుగు వీపులు దక్కాయి. పక్కవాళ్లు కోపంగా చూస్తే ఫోను వైపు చూసి "ఇదేంటి, దానంతటదే వెలిగింది" అనండి.

6. తేదీలు చూసుకోకండి.

మన్‌హాటన్ వీధులు అసలు దిక్కులకి 29 డిగ్రీలు పక్కకి తిరిగి ఉన్నాయి. అందుకే ఏటా మే చివర్లో రెండు సాయంత్రాలు, జూలై 12 చుట్టుపక్కల రెండు సాయంత్రాలు సూర్యుడు సరిగ్గా వీధి చివర, మేడల మధ్యలో అస్తమిస్తాడు. 42వ వీధిలో రోడ్డు దాటే ప్రతి మనిషి నీడా మీ కాళ్ల దాకా వస్తుంది. మీరు ఆ తర్వాతి వారం వెళ్లండి. జనం ఉండరు. సూర్యుడు కూడా ఉండడు, మేడ వెనక ఉంటాడు. వీధి మొత్తం నీడే. ఒక్క నీడ కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇలా ఊరంతా నీడైపోవడం న్యూయార్క్‌కి కొత్త కాదు. 1915లో బ్రాడ్‌వే మీద ఈక్విటబుల్ భవనం లేస్తే దాని నీడ ఏడెకరాలు కప్పేస్తోందని చుట్టుపక్కలవాళ్లు మొత్తుకున్నారు. 1916లో నగరం భవనాలు పైకి పోయేకొద్దీ వెనక్కి తగ్గాలని చట్టమే చేసింది. పాత మేడలు మెట్లుమెట్లుగా ఉండటానికి కారణం అదే. ఈ ముక్క గుర్తుపెట్టుకుని, మెట్ల మేడ ముందు ఆపి వదినకి చెప్పండి. చెబుతున్నంతసేపూ ఫోటో తీయనక్కర్లేదు.

7. అడక్కండి. పట్టుబడితే వీడియో కాల్ అనండి.

ఫోను ఛాతీ దగ్గర పెట్టుకుని "ఆఁ పిన్నీ, వినపడుతోందా" అంటూ నడవండి. ఎదుటివాళ్లు పక్కకి చూసుకుంటారు. తీసేయండి. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ వైపు వెళితే గుర్రపు బండ్లలో తిరిగే ఆమిష్ వాళ్లు కనిపిస్తారు. ముఖం ఫోటోకివ్వడం వాళ్ల విశ్వాసానికి విరుద్ధం. ముఖం వద్దన్నారు గానీ నీడ వద్దనలేదు కదా అని బండి పక్కనే కారు నడుపుతూ, అద్దం దించి, సగం బయటికి వంగండి. గుర్రం బెదరవచ్చు. బెదిరిన గుర్రం నీడ ఊరికే నడిచే గుర్రం నీడకన్నా బాగుంటుంది. పొలం అవతల ఆగి, సాయంత్రం ఎండలో మట్టిదారి మీద సాగే బండి చక్రాల నీడ కోసం కాచుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి పని లేదు.

8. నీడ దొరక్కపోతే ఇంటికొచ్చి అతికించండి.

దీనికి ఫాన్ హో సాక్ష్యం. హాంకాంగ్‌లో ఫోటోలు తీసి, చివరికి మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న కాలిఫోర్నియాకే వచ్చి, 2016లో శాన్ హోసేలో పోయాడు. ఆయన 1954లో తీసిన ప్రసిద్ధమైన ఫోటోలో తెల్లటి పెద్ద గోడ, మూలన తల వంచుకు నిలబడ్డ ఒక అమ్మాయి, గోడని ఏటవాలుగా కోస్తూ ఆమె వైపు వచ్చే నల్లటి నీడ ఉంటాయి. ఆ నీడ గోడ మీద లేదు. డార్క్‌రూములో వేశాడు. అమ్మాయి కూడా దారిన పోయే మనిషి కాదు, బంధువులమ్మాయి. నీడ వేయడానికి ముందు ఆ గోడనీ, ఆ ఖాళీనీ, ఆ అమ్మాయి తల వంపునీ ఆయన ఎలా చూసుకున్నాడన్నది పెద్ద విషయం. అది వదిలేయండి. అతికించడం ఒక్కటి తీసుకోండి. వాషింగ్టన్ మాన్యుమెంట్ 555 అడుగుల స్తంభం; దాని నీడ ఎడమకి పడుతుంటే నాన్నగారి నీడ కుడికి అతికించండి. ఇద్దరు సూర్యులున్న అమెరికా ఎవరూ చూడలేదు.

9. సాధన మానేయండి.

ఆన్సెల్ ఆడమ్స్ 1941 శరదృతువులో న్యూ మెక్సికోలో కారులో పోతూ, హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడినీ, సమాధుల శిలువల మీద ఆఖరి ఎండనీ చూశాడు. కారు పక్కకి లాగి దిగాడు. లైట్ మీటరు దొరకలేదు. ఒక్క ఫోటో తీశాడు. రెండోది తీసేలోపు శిలువల మీద ఎండ పోయింది. చూశారా, మీటరు అక్కర్లేదు, ఒక్క ఫోటో చాలు. చంద్రబింబం వెలుగు ఎంతో ఆయనకి కంఠతా వచ్చుననీ, ఆ నెగెటివ్ నుంచి దశాబ్దాల పాటు ఆకాశాన్ని మరింత నల్లబరుస్తూ ప్రింట్లు వేశాడనీ చెప్పేవాళ్లుంటారు. కారు ఆపడం దాకా విని వచ్చేయండి.

10. సాకులు ముందే రాసి పెట్టుకోండి.

ఫోటో కదిలిపోతే 'కాలం పరుగు'. బొటనవేలు అడ్డొస్తే 'తెర తొలగుతున్న వేళ'. అంతా నలుపైతే 'మౌనం'. అంచులు మసకగా వస్తే శాస్త్రం వాడండి. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. కాబట్టి 300 అడుగుల పైనున్న మేడ అంచు నీడ నేలకి వచ్చేసరికి దాదాపు 3 అడుగుల మేర మసకబారుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మీ చెయ్యి వణికిందన్నది వేరే నిజం, అది ఎవరూ అడగలేదు. గుంటూరు నుంచి బాబాయి "ఇందులో వదిన ఎక్కడ?" అని అడిగితే "చూసేవాళ్లే వెతుక్కోవాలి బాబాయ్" అని పంపి, గ్రూపుని మ్యూట్‌లో పెట్టండి.

11. ఏరకండి, దాచకండి.

వివియన్ మేయర్ నలభై ఏళ్లు షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేస్తూ లక్షకి పైగా ఫోటోలు తీసింది. పచ్చిక మీదా, గోడల మీదా, పేవ్‌మెంట్ మీదా పడ్డ తన నీడనే ఎన్నోసార్లు తీసుకుంది. చాలా రీళ్లు కడిగించలేదు. 2007లో గోదాము అద్దె కట్టలేదని పెట్టెలు వేలానికి పోయాయి. 2009లో ఆమె పోయాకే లోకానికి పేరు తెలిసింది. అంటే ఏరడం, పేర్లు రాయడం, అచ్చు వేయించడం ఇతరుల పని. ఫోను నిండిందంటే పాతవి చెరిపేయండి. అమ్మ పచ్చళ్ల సీసాలు సర్దుతున్న ఫోటో ఒకటి పొరపాటున ముఖంతో సహా బాగా వచ్చి ఉంటుంది. అందులో నీడ లేదు, కథ లేదు. ముందు దాన్ని చెరపండి.

12. విమానాశ్రయంలో ఫోను తీయకండి.

ఆరో నెల చివర అమ్మానాన్నలని దింపడానికి వెళతారు. అక్కడ కప్పు నిండా లైట్లు, నాలుగు వైపులా గాజు, పాలరాయి నేల. వెలుగు అన్ని దిక్కుల నుంచీ వస్తే నీడ పడదు. నీడ పడని చోట కథ ఉండదు. చక్రాల కుర్చీలో అమ్మ, బోర్డింగ్ పాసు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదువుకుంటున్న నాన్నగారు, ఇద్దరి ముఖాలూ తేటగా, దగ్గరగా, అడ్డేమీ లేకుండా ఉంటాయి. అలాంటి మామూలు ఫోటో ఎవరైనా తీస్తారు. అమ్మ "ఒక్కటి తీయరా" అంటే "వెలుతురు బాలేదమ్మా, వచ్చేసారి" అనండి. పార్కింగ్ గంట దాటితే ఇంకో గంట డబ్బు పడుతుంది. సెక్యూరిటీ వరస దాకా కూడా వెళ్లకుండా బయల్దేరండి.